చెప్పినవాడు కొట్టాలి

కాశయ్య పంతులు బడిలో ఉన్నది ఒకే ఒక్క కానూను. అడిగినదానికి జవాబు చెప్పినవాడు, చెప్పలేనివాడిని కొట్టాలి. ఊరికే కొడితే కుదరదు. ఎడమచేత్తో ముక్కు గట్టిగా పట్టుకొని, కుడిచేత్తో చెంప మీద పెళ్లున వాయించాలి. దోస్తు కదా అని జాలిపడి మెల్లగా తాకించాడో, పంతులు లేచి వచ్చి "గిట్ల గాదురా, గిట్ల!" అంటూ ఆ జాలిపడ్డవాడి చెంప మీదే చూపించేవాడు. సిద్దిపేటలో ఆ పెంకుటింటి బడి ముందునుంచి పోయేవాళ్లకు పాఠం వినబడేది కాదు, దెబ్బలు వినబడేవి.

ఆయన చెప్పేది ఉర్దూ. నిజాం రాజ్యంలో కచ్చేరీ ఉర్దూ, ఠాణా ఉర్దూ, కాగితమన్నదల్లా ఉర్దూ. ఇంట్లో ఒక్క ముక్క వినని తెలుగు పిల్లల నోట్లోకి పరాయి భాషను దించాలంటే దెబ్బ తప్ప దారి లేదని ఆయన నమ్మకం. దెబ్బకు దయ్యమే వదులుతుంటే భాష రాకుండా పోతుందా? ఆయనా అట్లాగే నేర్చుకున్నాడు. పదేళ్లప్పుడు ఉస్తాదు కొట్టిన దెబ్బకు ఎడమ చెవి పోయింది. ఆ సంగతి ఎవరడిగినా "చెవి పోతే పోయింది, చదువొచ్చింది" అని గర్వంగా చెప్పుకునేవాడు.

ఇంతకీ వచ్చిన చదువేమిటి? పేజీలకు పేజీలు కంఠస్థం. అర్జీ రాయమంటే ముందు అల్ఖాబు, అంటే పై అధికారికి బిరుదులు తగిలించడం. దయాసముద్రులు, దీనపోషకులు, ధర్మప్రభువులు అంటూ అరపేజీ నడుస్తుంది. చివర మళ్లీ అరపేజీ దండాలు. మధ్యలో అసలు సంగతి రెండు ముక్కలు. ఆ రెండు ముక్కల దగ్గరే పంతులుకు చెమటలు పట్టేవి. గాజులమ్మే సాయెబు బజారులో ఎదురుపడి ఉర్దూలో మంచీచెడ్డా అడిగితే, ముప్పై ఏళ్లు ఉర్దూ చెప్పిన ఈ మహానుభావుడు నవ్వి, తలాడించి, సందులోకి జారుకునేవాడు. ఈ గుట్టు ఆయనొక్కడికే తెలుసు. ఇశ్రాయేలు వచ్చాక అతనికీ తెలిసిపోయింది.

చూపు మందగించి, పిల్లలను ఒక్కడే సంభాళించలేక పంతులే ఆ కుర్రవాడిని సహాయంగా పెట్టుకున్నాడు. ఇశ్రాయేలు మెదక్ వైపు మిషను బడుల్లో పనిచేసి వచ్చినవాడు. అతని పద్ధతి చూసి మొదటి రోజే పంతులుకు ఒళ్లు మండింది. పుస్తకం లేదు, బెత్తం లేదు. చేతిలో వంకాయ పట్టుకొని "యే క్యా హై?" అని అడుగుతాడు. తలుపు మూస్తూ, మూస్తున్నానని ఉర్దూలో అంటాడు. నడుస్తూ నడుస్తున్నానంటాడు. కళ్ల ముందున్నది చూడు, చూసింది చెప్పు. ఇదీ అతని చదువు. తప్పు చెప్పినవాడిని కొట్టడు సరికదా, నవ్వుతాడు.

"ఇది బడా, బాగోతమా?" అన్నాడు పంతులు.

"కొన్ని దినాలు చూడుండ్రి పంతులుగారూ" అన్నాడు ఇశ్రాయేలు.

చూశాడు. చూడకుండా ఉంటే బాగుండుననుకున్నాడు. పంతులు దగ్గర నాలుగేళ్లు దెబ్బలు తిన్నవాడు ఉర్దూలో మంచినీళ్లు అడగలేడు. పిల్లలతో పాటు పగలు ఇశ్రాయేలు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టిన పెద్దవాళ్లు, సాలెవాళ్లు, బండివాళ్లు, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, ఆరు నెలలకే ఠాణా జవాన్లతో బేరాలాడుతున్నారు. పంతులుకు కడుపు మండింది. కుళ్లే అది, వేరే పేరు లేదు.

ఆ ఆడవాళ్లలో ఒకతె దుర్గవ్వ. రాయపోల్ మనిషి, పాతికేళ్లుంటాయి. ఆమె పెనిమిటి బండి తోలేవాడు. వెట్టికి బండి కట్టనన్నందుకు అతన్ని ఠాణాకు పట్టుకుపోయి, కాళ్లు కట్టేసి, తెల్లారేసరికి శవాన్ని బయట పడేశారు. కొట్టించింది ఆ ఠాణా జమేదారు రాజం. దుర్గవ్వ సిద్దిపేటలో అక్క కొండవ్వ ఇంటికి చేరి, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా తన అర్జీ తానే రాసుకుంటానని అక్కను తోడు పెట్టుకొని ఇశ్రాయేలు దగ్గర కూర్చుంది. ఏడాదిన్నర నేర్చుకుంది. రాసింది. రాసినదాన్ని పెద్దాయన కదా అని పంతులుకు చూపించింది.

పంతులు చదివి మండిపడ్డాడు. "అల్ఖాబేది? దండాలేవి? ఎకాయెకి 'రాయపోల్ బండాయన్ను జమేదారు రాజం సంపిండు' అని మొదలువెడ్తివి. పై దొర మొహానికేసి కొట్టినట్టు లేదా గిది?"

"జరిగింది గదే గదయ్యా" అంది దుర్గవ్వ. "నేను సూసిందే రాసిన."

అల్ఖాబు తాను చేర్చి ఇస్తానన్నాడు పంతులు. ఆమె ఒప్పుకోలేదు. పేరు కూడా పెట్టకుండా కాగితం మడిచి కొంగున కట్టుకొని పోయి, తపాలా పెట్టెలో వేసి వచ్చింది.

అర్జీ హైదరాబాదు పోయింది. అక్కడి దొరలు దాని మీద 'విచారించి జవాబు పంపండి' అని రాసి కిందికి పంపారు. అది మెట్టు మెట్టు దిగి, చివరకు జమేదారు రాజం చేతికే వచ్చింది. పులి మీద ఫిర్యాదు చేస్తే విచారణ పులికే అప్పజెప్పారన్నమాట.

అది నలభై ఎనిమిది ఎండకాలం. ఊళ్లు తగలబడుతున్న రోజులు. పిల్లలకు సెలవులిచ్చారు. బడిలో ఇశ్రాయేలు, అతని దగ్గర కూర్చున్న ఏడుగురు పెద్దవాళ్లు, వసారాలో బెత్తానికి నూనె రాస్తూ కాశయ్య పంతులు. పొద్దున పదిగంటల వేళ రాజం నలుగురు జవాన్లతో లోపలికి వచ్చాడు. వస్తూనే వంగి పంతులు కాళ్లకు దండం పెట్టాడు. అతను ఈ బడిలో ఆరేళ్లు చదివినవాడే. అందరికంటే గట్టిగా కొట్టేవాడని పంతులు మెచ్చుకొని ముందు వరసలో కూర్చోబెట్టిన శిష్యుడు.

"పంతులూ, గీ రాత మీ బడిదే" అన్నాడు రాజం, అర్జీ చూపిస్తూ. "పేరు లేదు, ఏలిముద్ర లేదు. కని అల్ఖాబు గూడ లేదు. నీ దగ్గర సదివినోడెవ్వడు అల్ఖాబు లేకుండ రాయడు. అంటే గిది ఇశ్రాయేలు చెప్పిన సదువే. ఎవరు రాసిన్రు?"

ఇశ్రాయేలు లేచి నిలబడ్డాడు. "నేనే రాసిన" అన్నాడు.

రాజం నవ్వాడు. "నీ దస్తూరి నాకెర్కనే. నెలనెల ఠాణాకు రాసిచ్చే హాజరు కాగితాలు జూస్తలేనా? గిది నీది గాదు. నువ్వు నేర్పినోళ్లది."

అందరినీ వరసగా నిలబెట్టించాడు. ఇద్దరు సాలెవాళ్లు, ముగ్గురు బండివాళ్లు, దుర్గవ్వ, కొండవ్వ. ఆడవాళ్ల వంక అతను సరిగా చూడను కూడా లేదు. ఆడది ఉర్దూ రాస్తుందన్న ఊహ అతని బుర్రకు అందేది కాదు. మొదటి సాలెవాడిని అడిగాడు. తెలియదన్నాడు. రెండోవాడూ తెలియదన్నాడు. అయిదుగురూ అదే మాట. కొండవ్వ చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"పంతులూ, మన కానూనేంది?" అన్నాడు రాజం. "జవాబు చెప్పినోడు చెప్పనోన్ని కొట్టాలె. ఎవ్వడు చెప్పకపోతె? పంతులే కొట్టాలె. లే. గీళ్లకు సదువు చెప్పినోడు గీడున్నడు, గీనితోని మొదలువెట్టు."

జవాన్లిద్దరు ఇశ్రాయేలు రెక్కలు విరిచి పట్టుకున్నారు. పంతులు లేచాడు. ఎడమచేత్తో ఇశ్రాయేలు ముక్కు పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఈ కుర్రవాడిని ఒక్కసారైనా చాచి కొట్టాలని ఎన్నిసార్లు అనిపించిందో! ఇప్పుడు చెయ్యి లేవలేదు. ఏదో తాకించాననిపించాడు.

"గిట్ల గాదు పంతులూ, గిట్ల!" అని రాజం తుపాకి మడమ తిప్పి ఇశ్రాయేలు దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు పంతులు మంచి చెవికి వినిపించింది. నెత్తురుతో పాటు రెండు పళ్లు నేల మీద పడ్డాయి. "మెల్లగ కొడితే నేను చూపెడ్త. నీ కానూనే గద. మల్ల కొట్టు."

విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా? తన మాట, తన గొంతు, తన చెయ్యి విసురు అచ్చంగా దించినట్టు పంతులు ఎదురుగా నిలబడి ఉన్నాయి. మెల్లగా కొడితే తుపాకి మడమ. గట్టిగా కొడితే తన చెయ్యి. ఆయన గట్టిగానే కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. విరిగిన దవడ మీదే కొట్టాడు. ఇశ్రాయేలు అరవలేదు, పంతులు కళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. నాలుగోదానికి మోకాళ్ల మీద కూలిపోయాడు.

"ఇప్పుడు చెప్తడా?" అంటూ రాజం తుపాకి ఎత్తి అతని నెత్తి మీద మోదాడు. ఇశ్రాయేలు పక్కకు ఒరిగాడు. చెవిలోంచి నెత్తురు సన్నగా కారింది.

వరసలో దుర్గవ్వ కొండవ్వ చెయ్యి విడిపించుకుంది. ఒక అడుగు ముందుకు వేసింది. నోరు తెరవబోతున్నది. పంతులు చూశాడు. ఆమె నోరు తెరిస్తే పెనిమిటి పోయిన దారే ఆమెకూ.

"నేను రాసిన!" అని అరిచాడు కాశయ్య పంతులు. "ఏలు వంకర వెట్టి దస్తూరి మార్చి రాసిన. నేనే!"

రాజం గది అదిరేట్టు నవ్వాడు. "నువ్వా? అల్ఖాబు లేకుండ నువ్వు నీ పెండ్లానికి గూడ రాయవు! సరె, గా పల్క మీద నాలుగు ముక్కలు రాయి. అల్ఖాబు గావద్దు, కంఠతా వచ్చినయి గావద్దు. నీ అంతల నువ్వు రాయి. రాసినవా, నమ్ముత. రాయలేదా, గీ వరసల ఒక్కొక్కన్నే పండవెడ్త."

పంతులు సుద్దముక్క తీసుకొని నల్లపలక ముందు నిలబడ్డాడు. చెయ్యి అలవాటు చొప్పున దయాసముద్రుల మీదికి పోయింది. ఆపుకున్నాడు. లోపల ఎంత వెతికినా కంఠస్థం చేసిన పేజీలే తప్ప తనదంటూ ఒక్క మాట దొరకలేదు. ముప్పై ఏళ్లు! వెనక జవాను తుపాకి బోల్టు లాగిన చప్పుడైంది. పంతులు వెనక్కి తిరిగాడు. నేల మీద ఇశ్రాయేలు. కళ్ల ముందున్నది చూడు, చూసింది చెప్పు. రోజూ వసారాలో కూర్చొని వెక్కిరించిన పాఠం.

చూస్తూ రాశాడు. తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "ఇతను ఇశ్రాయేలు. నేల మీద పడి ఉన్నాడు. ఇది అతని నెత్తురు. జమేదారు రాజం కొట్టాడు. నేనూ కొట్టాను."

రాజం ఆ అక్షరాలను ఒకటికి రెండుసార్లు చదివాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. చేతిలోని అర్జీలో ఎట్లా ఉందో పలక మీదా అట్లాగే ఉంది, ముందూ వెనకా బిరుదు లేకుండా, తన పేరుతో సహా.

"నువ్వేనన్నమాట" అన్నాడు. తర్వాత పంతులు కుడిచెయ్యి గుంజి గడప మీద పెట్టించి, మణికట్టు బూటుకాలితో తొక్కిపట్టి, తుపాకి మడమతో వేళ్లను నలగ్గొట్టాడు. ఒకసారి కాదు. రోట్లో పచ్చడి నూరినట్టు నూరాడు. పంతులు గొడ్డులా అరిచాడు. "ఇగ రాయి, ఎన్ని అర్జీలు రాస్తవో సూస్త" అని చెప్పి, సుద్దరాతను చేత్తో తుడిచేసి వెళ్లిపోయాడు.

ఇశ్రాయేలు దవాఖానలో మూడోనాడు పోయాడు. తెలివి రానే లేదు. తనను క్షమించమని అతన్ని అడిగే అవకాశం కూడా పంతులుకు దక్కలేదు.

అతను పోయిన పదకొండోనాడు దుర్గవ్వ వచ్చింది. పంతులు వసారాలో కుక్కిమంచం మీద కూర్చొని ఉన్నాడు. కుడిచెయ్యి గుడ్డల్లో కట్టి ఉంది, అది ఇక చెయ్యి కాదని వైద్యుడు ముందే చెప్పాడు. ఆమె కింద కూర్చొని, పీట మీద నాలుగు తెల్ల కాగితాలు పరిచింది.

"ఇశ్రాయేలు సారు సంగతి రాయాలయ్యా. ఈసారి ఒక్క కచ్చేరికి గాదు, నాలుగు తావులకు పంపుత. ఒకటి వాని చేతుల వడ్డా మూడు మిగుల్తయి. మీరు చెప్పుండ్రి, నేను రాస్త."

"నీకు భయం లేదా బిడ్డా?"

"ఉన్నది" అంది దుర్గవ్వ. "మొదలు ఏం రాయాలె?"

అల్ఖాబు రాయమంటాడేమోనని ఆమె తలెత్తి చూసింది. పంతులు గడప వంక చూశాడు. తర్వాత ఉర్దూలోనే, ఎక్కడా తడుముకోకుండా, సాయెబుతో బజారులో ఏనాడూ మాట్లాడలేనంత తేటగా చెప్పాడు.

"నా పేరు కాశయ్య. నేను పంతులును. జమేదారు రాజం నా దగ్గర చదివాడు. కొట్టడం అతనికి నేనే నేర్పాను."

దుర్గవ్వ కలం ఆగింది. "గది వద్దయ్యా. మీ మీదికే వస్తది."

"రావాలె" అన్నాడు పంతులు. "జరిగింది గదే గద. రాయి."

ఆమె ఆ మాటను నాలుగు కాగితాల మీదా రాసింది.