నాయన బండిలో పెళ్లికూతురు

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, నా పెళ్లికి నేను మా నాయన పాత ప్రీమియర్ పద్మినిని వెంటేసుకున్నాను. మూసాపేటలో మా ఇంటి నుంచి గచ్చిబౌలి దాకా ఆ బండి మరగకుండా పోయిన రోజు నాకు గుర్తులేదు. నాయన ఉన్నన్నాళ్లూ డిక్కీ నిండా నీళ్ల బాటిళ్లే. ఆయన పోయి రెండేళ్లయింది. "నాయన ఎట్లా రాలేడు, ఆయన బండైనా రావాల. క్యాబ్‌లో దిగేదానికి నేను ఇంటర్వ్యూకి పోతాండానా" అని మంకుపట్టు పట్టింది నేనే. అమ్మ ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

ఆ మాట పట్టుకుని మా అన్న గిరీష్ తన శనాదివారాలన్నీ మెకానిక్ మల్లయ్య షెడ్డుకు రాసిచ్చేశాడు. ముందు జాలీ వెనక, ఇంజన్ నీళ్లని గాలితో చల్లార్చే పాత రేడియేటర్ చిన్నది. దాని వెనక ఫ్యాను ఇంజన్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో బండి నిలబడితే ఫ్యానూ నీరసపడుతుంది, లోపల నీళ్లు మరుగుతాయి. ఇద్దరూ కలిసి దాన్ని పీకేసి వేరే బండిది పెద్ద రేడియేటర్ దించారు. దాని మూతులూ ఇంజన్ మూతులూ ఒకదానికొకటి ఎదురు రాలేదు. మల్లయ్య రాగి గొట్టాలు వంచి, అతికించి, మధ్యలో రబ్బరు పైపులు వేసి వాటిని కలిపాడు. బండి ఆగినా, వేడెక్కగానే తనంతట తానే తిరిగే కరెంటు ఫ్యాను ఒకటి పెట్టారు.

"మంచిగ కూసున్నయ్ సార్ గొట్టాలు. ఇగ ఫికర్ జెయ్యకు" అన్నాడు మల్లయ్య.

ఫికర్ చెయ్యకపోతే మా అన్న ఎట్లా అవుతాడు? మాదాపూర్‌లో వాడి ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎండలో, వానలో, ఆఫీసులు వదిలే వేళ సైబర్ టవర్స్ చుట్టూ ప్రదక్షిణలు చేయించి చూశాడు. వేడి చూపించే ముల్లు సగం దాటలేదు. వాడి ముఖంలో అంత వెలుగు నాయన పోయాక అదే మొదటిసారి చూడటం.

పెళ్లి ఆఫీసు జనంతో రోడ్లు కిక్కిరిసే బుధవారం పడింది. పంచాంగానికి వర్క్ ఫ్రమ్ హోమ్ తెలియదు కదా. పదకొండున్నరకి ముహూర్తం. నేను అద్దం ముందు కూర్చోలేక, నిలబడలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే కిటికీలోంచి అమ్మ కనిపించింది. ఒక్కతే కింద నిలబడి బండికి పూలు కడుతోంది. బంతిపూల దండలు, మధ్యమధ్య మామిడాకులు, ముందున్న జాలీ అణువంత కూడా కనిపించకుండా వరసలు వరసలుగా.

నేను కిందికి దిగి, "డెకరేషన్ వాళ్లు కడతారు కదమ్మా, నీకెందుకీ పని?" అన్నాను.

"మండపంలో నేను ఏం ముట్టుకున్నా ఎవురో ఒకరు ఏమన్నా అంటారు. బండికైతే ఎవురంటారు మే" అంది అమ్మ, దారం కొస పళ్లతో కొరుకుతూ.

కన్యాదానం బాబాయి, పిన్ని చేస్తున్నారు. తలంబ్రాలు కలిపింది వేరేవాళ్లు. నన్ను కన్న మనిషికి దక్కింది ఈ ఇనుప బండి.

అదీ పూర్తిగా దక్కలేదు. బయల్దేరే ముందు మా మేనత్త రోహిణి అమ్మ చెయ్యి పట్టుకుని, "వదినా, పిల్ల బయల్దేరేటప్పుడు నువ్వు ఎదురు రావాకు. ముందు బస్సులో పోతాండు" అంది. అత్త చెడ్డది కాదు. నాయన పోయినప్పుడు అమ్మ పక్కన పడుకున్నది ఆమే. అందుకే ఆమె మీద అరవడం కష్టం. అయినా నేను నోరు తెరిచాను. అమ్మ కళ్లతోనే వద్దని బస్సెక్కింది. నేను బండెక్కి అత్త పక్కన కూర్చుని తలుపు ధడాలున వేశాను.

కైతలాపూర్ వంతెన దాకా బండి బాగానే వచ్చింది. సైబర్ టవర్స్ దగ్గర ఆఫీసు బస్సుల వెనక ఇరుక్కున్నాం. ముల్లు సగం దాటింది. అన్న స్టీరింగ్ మీద వేళ్లు కొట్టడం మొదలుపెట్టాడు. ముల్లు ఎర్రగీత దగ్గరికొచ్చింది. వాడు వేళ్లు కొట్టడం మానేసి బండిని ఎడమపక్కకి లాగాడు. అద్దం ముందు ఆవిరి లేచింది.

"ఈ బండి వద్దని చెప్తి కదా నేను" అంటూ అత్త ఫోన్ తీసి క్యాబ్ వెతకడం మొదలుపెట్టింది.

అన్న అప్పటికే మల్లయ్యకి ఫోన్ చేసి రోడ్డు మీద అరుస్తున్నాడు. "నీ గొట్టాలు నమ్ముకుని నా చెల్లెలి పెళ్లి నడిరోడ్డు మీద పెట్టినాను కదయ్యా!" అటునుంచి, "యాడన్న కారుతున్నదా సార్? జర సూడుండ్రి" అంటున్నాడు మల్లయ్య. ఎక్కడా కారడం లేదు. ఫ్యాను హోరుమని తిరుగుతోంది. అన్ని టెస్టులూ పాసైన బండి పెళ్లిరోజే ఎందుకు ఫెయిలైందో వాడికి అంతుపట్టడం లేదు.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి దిగాను. బైకుల వాళ్లందరూ తలలు తిప్పి చూస్తున్నారు. బండి ముందుకు వెళ్లి చూస్తే బంతిపూలు ఊపిరి పీలుస్తున్నట్టు లోపలికి గుంజుకుపోతున్నాయి. దండ కాస్త పక్కకి జరిపాను. రేడియేటర్ నిండా పూరేకులు పచ్చడిలా అతుక్కుని ఉన్నాయి. గాలి దూరే సందే లేదు.

"అన్నా, గొట్టాలు కాదు. పూలు."

అన్న వచ్చి చూశాడు. ఫోన్‌లో మల్లయ్యకి "తప్పయిపోయింది, మళ్లీ చేస్తా" అని పెట్టేశాడు. దండ పట్టుకుని లాగబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మ కట్టింది మే ఇది" అన్నాడు.

"క్యాబ్ వస్తాండాది. ఎక్కు తల్లీ" అంది అత్త.

"నేను ఎక్కను. తెంపనూ తెంపను. ముడులు విప్పుదాం."

ముహూర్తం ముంచుకొస్తుంటే ముడులు విప్పుతానన్నందుకు అత్త నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అమ్మ మల్లెపూలకి వేసినట్టే ప్రతి కొసకీ రెండేసి ముడులు వేసింది. గోళ్లకి పెట్టించుకున్న రంగు రాలిపోయింది. కాసేపటికి అత్త గొణుక్కుంటూ క్యాబ్ రద్దు చేసి, దిగి రెండో కొస అందుకుంది. దండలన్నీ ఆమె ఒళ్లోకి చేరాయి. అన్న చేత్తో, దువ్వెనతో రేకులన్నీ దులిపాడు. ఫ్యాను ఈసారి గాలినే పీల్చింది. ముల్లు మెల్లగా దిగుతుంటే ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

గచ్చిబౌలిలో మండపం ముందు ఆగేసరికి లోపల మైకులో పంతులుగారు పెళ్లికూతుర్ని తీసుకురమ్మని కేకలేస్తున్నారు. హారతి పళ్లాలతో పిన్ని వాళ్లు ఎదురొచ్చారు. అమ్మ వాళ్ల వెనక, స్తంభం పక్కన నిలబడి ఉంది. పూలు లేని బండిని చూసి ఆమె ముఖం చిన్నబోయింది.

అన్న తలుపు తీశాడు. నేను దిగలేదు.

"బోడి బండిలోంచి దిగను. దండ కట్టాల" అన్నాను.

"నేను కడతా దిగు మే" అంది పిన్ని.

"నీకు రాదు పిన్నీ. ఆ ముడి అమ్మకే తెలుసు."

అందరూ అత్త వైపు చూశారు. అత్త నా వైపు చూసింది. ఆమె వేళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. తర్వాత తన ఒళ్లోని దండ కిటికీలోంచి బయటికి చాపి, "వదినా, రా. టైమైతాండాది" అంది.

అమ్మ హారతి పళ్లాలు దాటుకుని వచ్చింది. జాలీ వైపు చెయ్యి పోబోతే అన్న ఆపి, "అక్కడ వద్దులేమ్మా, పైన కట్టు" అన్నాడు. దారిలో బండి మరిగిందని అమ్మకి అర్థమైంది. కారు నెత్తిన కట్టి, రెండు ముడులు వేసింది. అప్పుడు నేను దిగాను. నాకు మొదట ఎదురొచ్చిన మనిషి మా అమ్మే.

బండి ఆగిన చోటల్లా నాయన చేసినట్టు, అమ్మ బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత అదే చెయ్యి నా తల మీద పెట్టింది.

"సల్లగానే ఉండాది లే" అంది.