చైనాకి వెళ్ళాల్సిన కంటైనరు

పొద్దున్నే మట్టి తవ్వే ప్రొక్లైను తన ఇనప తొట్టిని, మాతో పనిచేసే పాపాయి పడవ మీద దించింది. పడవ రెండు ముక్కలైంది. మేమంతా ఒడ్డున నిలబడి చూశాం. పాపాయి ఏడవలేదు. ఎవరూ ఏడవలేదు. టైమైందని ఎప్పటిలాగే రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోయాం.

మా రేవులో నేవీ జెట్టీ కడతారట. ఆఫీసర్లు కొలతలకు వచ్చిన రోజు, సముద్రం కోతకు అడ్డంగా గోడ కడతారనుకుని టేపు చివర మేమే పట్టుకున్నాం. పాపాయి వాళ్ళకి చేపల పులుసు కూడా వండి పెట్టింది. అంత వెర్రివాళ్ళం.

ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఏరుతుంటే షెడ్డు యజమాని కాశీవిశ్వనాథం గారు వచ్చారు. జెట్టీకి రాళ్ళు తోలే కాంట్రాక్టు కూడా ఆయనదే.

"చైనా వాడు కొత్త యుద్ధనౌకలు దింపుతున్నాడమ్మా. మనవీ రావాలా వద్దా? దేశం కోసం ఆ మాత్రం ఓర్చుకోండి" అన్నారు. అదే నోటితో, "చేతులు ఆడించండి. సాయంత్రానికి కంటైనరు చైనాకి కదలాలి" అన్నారు.

రెబెక్కా తలెత్తింది. "ఆ చైనా, ఈ చైనా ఒకటేనాండి?"

"యుద్ధం వేరు, వ్యాపారం వేరు. నీకు తెలీదులే."

"మీకు రెంటిలోనూ లాభమేనండి. మా పడవే ఎందుకు విరగాలండి?"

శత్రువుని మాకు అప్పజెప్పి, బేరం తన దగ్గరుంచుకున్నాడు. విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. బల్లల దగ్గర గొడవ మొదలైంది.

"పని ఆపేద్దాం. రేవు వదిలేదాకా కంటైనరు కదలకూడదు" అంది రెబెక్కా.

"రేవు ఎలాగూ పోయింది. షెడ్డు కూడా పోతే పిల్లలకేం పెడతావే?" అని దీవెన అరిచింది.

ఆమె మాటా నిజమే. పాపాయి మాత్రం ఐసులోంచి చేతులు తీసి కొంగుకి తుడుచుకుంది. ఆమెను చూసి పక్కావిడ తీసింది, తర్వాత నేను. ఒక్కొక్కరే అందరూ తీశారు. దీవెన కూడా గొణుక్కుంటూ పక్కకు జరిగింది. మధ్యాహ్నానికి ఐసు కరిగి రొయ్యల తలలు నల్లబడుతున్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

పోలీసులు వచ్చారు. రెబెక్కానీ పాపాయినీ ఈడ్చుకెళ్ళి వ్యాను ఎక్కించారు.

"మిగతావాళ్ళు పనిలోకి నడవండి" అన్నాడు ఎస్సై.

దీవెన కదిలింది. లోపలికే పోతుందనుకున్నాం. తిన్నగా వెళ్ళి కంటైనరు లారీ ముందు చతికిలబడింది. మేమంతా వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాం.

"ఎస్సైగారూ, మమ్మల్నీ ఎక్కించండి" అంది దీవెన. "ఆ వ్యాను చాలదండి, ఇంకోటి పిలిపించండి."