సూపర్‌చార్జరూ, నా రొయ్యల చెరువూ

మా తమ్ముడి కారు పేరెత్తితేనే నాకు రోత. ఇద్దరికి మించి పట్టని ఆ బండి చెన్నై రేసు ట్రాక్ మీద చక్కర్లు కొట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. బరువు తగ్గాలని ఏసీ పీకించాడు. కింద కార్పెట్టు పీకించాడు. సీట్ల వెనక ఇనప గొట్టాలు బిగించాడు. అలా బోసిపోయిన దానికి ఇప్పుడు సూపర్‌చార్జర్ కావాలట. అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా కొట్టే యంత్రం. దాన్ని విదేశం నుంచి తెప్పించి, తాడేపల్లిగూడెంలో ఎవరిదో షెడ్డులో బిగించుకుంటున్నాడు. మా నాన్న జగ్గారావుగారు ఆ సంగతి కనపడ్డవాళ్ళందరికీ చెప్పారు. కొడుకు కలెక్టరైనా అంత మురిసిపోయేవారు కాదు.

ఆకివీడు దాటాక కొల్లేటి వైపు మాకు మూడు చెరువులున్నాయి. అందులో ఒకటి ఈసారి నాకిచ్చారు. ఊరికే ఇవ్వలేదు.

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా ప్రసన్నా ఈ రొయ్యల గొడవ? సరే, ఒక్క పంట చూద్దాం. నువ్వు పెంచిన రొయ్య లారీ ఎక్కిందా, చెరువు నీ పేర రాసేస్తాను," అన్నారు, పనివాళ్ళందరి ముందూ.

చెరువులో రొయ్యపిల్ల వదిలిన దగ్గర్నుంచి నాలుగు నెలలూ గట్టు మీదే బతికాను. ఎల్లుండి రొయ్య పట్టుబడి అనగా, నీళ్ళ పరీక్ష కోసం ఏలూరు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గట్టు మీద జనరేటర్ లేదు. మేత తెచ్చే ట్రక్కూ లేదు. కాపలా ఉండే సూర్రావు నేలచూపులు చూశాడు.

"చిన్నబాబుగారు ట్రక్కుకి తగిలించుకుని పట్టుకెళ్ళారండీ. గూడెంలో కరెంటు నిలకడగా ఉండదంటండీ, కారు పరీక్ష చేసే మిషన్లు పాడైపోతాయంటండీ. నాన్నగారే ఇమ్మన్నారండీ."

నాన్ననడిగితే పేపరు దించకుండానే, "ఒక్కరోజుకి ఏం మునిగిపోయిందమ్మా? రేపు తెచ్చేస్తాడు," అన్నారు.

వాడి ఇంజనుకి గాలి చాలలేదని, నా రొయ్యకి గాలి కొట్టే ఏరియేటర్లను తిప్పాల్సిన జనరేటర్ పట్టుకుపోయారు. దీన్ని మించిన రోత ఇంకేముంటుంది?

రెండు రోజులుగా ముసురు. మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది, ఏరియేటర్లు ఆగిపోయాయి. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే మధ్యాహ్నం దాకా రాదన్నారు. చూస్తుండగానే రొయ్యలు నీటి పైకి తేలి, గట్టు అంచున గుంపులు కట్టాయి. వాటికి ఊపిరాడటం లేదు. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను.

"చరణ్, జనరేటర్ ట్రక్కుకి తగిలించి ఇప్పుడే బయల్దేరు. చెరువు పోతోందిరా!"

"వచ్చేస్తున్నానక్కా!" అన్నాడు.

రోడ్డుకేసి చూస్తూ నించున్నాను. చివరికి తార్రోడ్డు మీద ఏదో కీచుమని కూత పెట్టుకుంటూ వచ్చింది. కారు! దాని వెనక ట్రక్కూ లేదు, జనరేటరూ లేదు. చరణ్‌తేజ నల్లకళ్ళద్దాలు తీసి, పళ్ళికిలిస్తూ దిగాడు.

"గూడెం నుంచి ఎంతసేపట్లో వచ్చానో తెలుసా అక్కా? అరగంట! ఆ లాగుడు చూడాలి, అబ్బబ్బ!"

"జనరేటర్ ఏదిరా?"

"డ్రైవరు టిఫినుకెళ్ళాడు. వాడొచ్చేదాకా ఆగితే లేటవుతుందని నేను వచ్చేశా."

చేతిలో వల ఉంది కాబట్టి బతికిపోయాడు. లేకపోతే చెంప పగలగొట్టేదాన్ని.

ఆ డ్రైవరు తిని బయల్దేరి వచ్చేదాకా రొయ్య ఆగదు. ఇక జనరేటర్ మీద ఆశ వదిలేసి, ప్రాణమున్న రొయ్యనైనా పట్టించడం మొదలుపెట్టాను. మా చెరువు పనికొచ్చే ఆదిలక్ష్మి చుట్టుపక్కల చెరువుల ఆడవాళ్ళని కేకేసి తెచ్చింది. కొనే ఆసామి లారీ పంపుతానన్నాడు గానీ అది వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. అందాకా ఐసు పడకపోతే పట్టిన రొయ్య ఎర్రబడి కంపు కొడుతుంది. ఆకివీడు ఐసు ఫ్యాక్టరీలో ఐసుందన్నారు, పంపడానికి బండి మాత్రం లేదన్నారు. ముసురుకి భయపడి అందరూ అదేరోజు పట్టుబళ్ళు పెట్టారు.

"నీది అంత స్పీడు కదరా. వెళ్ళి ఐసు పట్రా," అన్నాను.

వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇందులోనా? అది రేసు సీటక్కా! తడిస్తే పాడైపోదూ?"

అప్పుడే స్కూటర్ దిగిన నాన్న వాడికి వంత పాడారు. "వాడి కార్లో ఐసేమిటమ్మా, అసయ్యంగా! ఏదో ఒక ఆటో చూడు."

అసహ్యమట! నా నాలుగు నెలల కష్టం గట్టున గిలగిల్లాడుతుంటే వీళ్ళకి ఐసు అసహ్యమట. ఛీ, ఇన్నాళ్ళూ వీళ్ళతో కలిసి తిన్న తిండి మీద విరక్తి పుట్టింది.

కొత్త యంత్రం మెల్లగా చల్లారాలని, ఒక్కసారిగా ఆపకూడదని వాడు ఇంకా ఇంజను ఆపలేదు. అది మేలైంది. మేత ట్రక్కు నడిపే చేతులు నావి. ఎక్కి కూర్చుని గేరు వేశాను. "అక్కా, వద్దక్కా!" అంటూ వెనకాల పరుగెత్తుకొచ్చాడు. నేను అద్దంలోకైనా చూడలేదు.

ఫ్యాక్టరీలో ఐసు కొట్టించి గోనెసంచుల్లో నింపించాను. ఊక అంటుకున్న సంచులు పక్క సీట్లో, కాళ్ళ దగ్గర, ఇనప గొట్టాల మధ్య కుక్కించాను. మూడుసార్లు తిరిగాను. సూపర్‌చార్జర్ కూత చెవులకి తూట్లు పొడిచింది. నీచు చేతులతోనే స్టీరింగ్ పట్టుకున్నాను. సీటు నానింది, నేనూ నానాను. గట్టున ఆడవాళ్ళు తట్టలతో ఐసు మోసుకెళ్ళి రొయ్య మీద పోశారు.

లారీ వచ్చేసరికి సగం రొయ్య ఐసు పెట్టెల్లో ఉంది. ఆఖరి పెట్టె ఎక్కించాక నాన్న ఎదురుగా నించున్నాను. ఆదిలక్ష్మీ, సూర్రావూ వింటున్నారు.

"రొయ్య లారీ ఎక్కింది నాన్నా."

నాన్న గొంతు సవరించుకున్నారు. "రాస్తాన్లే అమ్మా. అన్నమాట తప్పుతానా?" అని కారు వైపు చూశారు. చరణ్ చేతిరుమాలుతో సీటు మీది ఊక ఒక్కొక్కటే ఏరుతున్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "ముందు ఆ కారు కాస్త కడిగించమ్మా. పాపం, చూడలేకపోతున్నాను," అన్నారు.

నా వెనక చెరువులో మిగతా సగం చచ్చి అడుగున పడుంది, అప్పుడే కంపు మొదలైంది. పొద్దున్నుంచి ఆ గట్టు మీద నాన్న నోట పాపం అన్న మాట రావడం అదే మొదలు. అది కూడా కారుని చూసి.