చాయిస్‌లో వదిలేసిన పాఠం

సంభావ్యత పాఠం ఈ ఏడు చెప్పొద్దని మా ప్రిన్సిపాల్ రామ్‌చందర్ గారు అన్న రోజున నేను ఆయనతో పెట్టుకున్న గొడవ హాస్టల్ వంటగది దాకా వినపడిందట. వినపడనీ. నాకు కోపం వస్తే గొంతు నా అదుపులో ఉండదు.

మాది భద్రాచలం దగ్గర అడవి అంచున ఉన్న గిరిజన బాలికల జూనియర్ కాలేజీ. నేను అక్కడ కాంట్రాక్టు మీద లెక్కలు చెబుతాను. ఎంపీసీ సెకండియర్‌లో సగం మంది నాలాంటి కోయ పిల్లలు, సగం మంది తండాల నుంచి వచ్చిన లంబాడా పిల్లలు. డిసెంబరు వచ్చేసరికి సిలబస్ ఎప్పటిలాగే వెనకబడింది. అప్పుడే ఆ మీటింగ్.

"భవానీ మేడం, సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం, పాక్షిక భిన్నాలు పట్టుకోండి. మార్కులు గ్యారంటీ. సంభావ్యత చాయిస్‌ల వదిలేయండి. పిల్లలకు ఎక్కదు," అన్నారు సార్.

పరీక్షలో ఇచ్చిన ప్రశ్నల్లో కొన్ని రాస్తే చాలు కదా, అందుకని ఒక పాఠానికి పాఠమే చదవకుండా దాటేయడాన్ని మా దగ్గర చాయిస్‌లో వదిలేయడం అంటారు. ఏ ఏటికాయేడు వదిలేసేది ఈ పాఠాన్నే.

"సార్, డిగ్రీకి పోయేటోళ్లకు సంకీర్ణ సంఖ్యలు కావాలె, కాదన్లే. ఈ పిల్లల్ల డిగ్రీకి పోయేది ఎంతమంది? వాన పడ్తదా పడదా, మందు పనిచేస్తదా చెయ్యదా, పుట్టిన బిడ్డ దక్కుతదా దక్కదా... వీళ్ల బతుకంతా ఆ పాఠమే గద. దాన్నే దాటేద్దామంటరేంది?"

"బతుకు సంగతి తర్వాత మేడం. ముందు పాస్ గానియ్యండి. ఈసారి గూడ రిజల్ట్ పడిపోతే ఎంపీసీ గ్రూపే ఎత్తేస్తరు. అప్పుడు సంకీర్ణ సంఖ్యలూ ఉండయి, మీ పాఠమూ ఉండదు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆయన భయం ఆయనది. అయినా నేను తలుపు దబాల్న వేసి బయటికొచ్చాను.

ఆ సాయంత్రమే మా మరిది పోతయ్య బూర్గంపాడు నుంచి ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పట్టలేకపోతున్నాడు. "వదినె, మిఠాయి తెచ్చుకో. దుర్గకు మూడో నెల."

దుర్గ నా చెల్లెలు. దాని కొడుకు రాజేష్‌కు నాలుగేళ్లు. వాడికి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. ఎముకల నొప్పితో వాడు ఏడ్చే ఏడుపు విన్నవాళ్లకు అన్నం సయించదు. ఎన్నిసార్లు రక్తం ఎక్కించామో. ఊళ్లోకి వచ్చిన క్యాంపు వాళ్లు మొగుడూ పెళ్లాల రక్తం చూసి, ఇద్దరిలోనూ జబ్బు సగం సగం దాగి ఉందన్నారు. వాళ్లకేమీ కాదు. పుట్టే బిడ్డకు ఇద్దరి దగ్గర్నుంచీ ఆ చెడ్డ సగమే వస్తే మాత్రం జబ్బు తప్పదు. నలుగురిలో ఒకరికి అలా వస్తుందని చెప్పి, మందులిచ్చి, జీపెక్కి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్నే బస్సు పట్టుకుని, ఆ తర్వాత ఆటో ఎక్కి వాళ్ల ఊరు చేరాను. దుర్గ వాకిట్లో రాజేష్‌కు తల దువ్వుతోంది. దాని మామ బొజ్జయ్య పక్కన కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. ఇంట్లో మేం మాట్లాడుకునేది సగం కోయ, సగం తెలుగు. తిట్టడానికి నాకు రెండూ బాగా వచ్చు.

"ఏమే, మతి ఉన్నదా నీకు? ఒక్కడితోనే సచ్చిపోతున్నం. మళ్ల ఎట్ల ధైర్యం జేసినవే?"

"గట్ల అరువకక్కా," అంది దుర్గ నవ్వుతూ. "డాక్టరే చెప్పిండు గద, నలుగురిల ఒకరికని. ఆ ఒక్కడు వీడే. ఇంక ముగ్గురు మంచిగ పుడ్తరు."

ఇన్నాళ్లుగా ఈ ఇంట్లో ఇదే నమ్ముతున్నారని నాకు తెలియనే తెలియదు.

బొజ్జయ్య కత్తి పక్కన పెట్టాడు. ఆ ఊళ్లో వాటాలు పెట్టే మనిషి ఆయనే. ఎండాకాలం వాగు మడుగులు ఇంకేటప్పుడు ఊరంతా కలిసి చేపలు పడతారు. మోదుగాకులు పరిచి కుప్పలు పెడతారు. అన్ని కుప్పలూ ఒక్కలా ఎలా వస్తాయి? చివరి కుప్పలో ఎప్పుడూ ముళ్ల చేపలే మిగులుతాయి. పుల్లలు తీస్తే అది ఏ ఇంటికి పోతుందో పోతుంది. కానీ ఒకసారి ముళ్ల వాటా తీసుకున్న ఇంటికి, వంతు ఊరంతా తిరిగి వచ్చేదాకా మళ్లీ ఆ వాటా పెట్టరు. బొజ్జయ్య చేతి కింద వాటాల దగ్గర కొట్లాట జరిగిందని నేను ఎన్నడూ వినలేదు.

"ఒకపాలి ముళ్ల వాటా దీస్కున్న ఇంటికి మళ్ల అదే పెడ్తమా బిడ్డా?" అన్నాడు మెల్లగా. "పెట్టం. గిది గూడ గంతే. మా ఇంటి వంతు అయిపోయింది."

ఆయన అబద్ధం ఎరగడు, అన్యాయం అసలే ఎరగడు. అందుకే నాకు మరీ భయమేసింది. దొంగమాట చెప్పేవాడితో అయితే కొట్లాడవచ్చు.

"మామా, చేపల కాడ వాటాలు పెట్టేది నువ్వు. ఎవరికేం బోయిందో నీకు యాదికుంటది. కడుపుల వాటా పెట్టేటోడు ఎవడూ లేడు. ఇంతకుముందు ఎవరికేం బోయిందో ఆడ ఎవరికీ యాదుండదు. ప్రతిసారీ మొదటిసారే."

"చదువుకున్నోళ్లకు అన్నీ అనుమానాలే," అన్నాడు లోపల్నుంచి వచ్చిన పోతయ్య. మిఠాయి పొట్లం నా చేతిలో అలాగే ఉంది. తీసుకోబోయి ఆగిపోయాడు.

ఎలా చెప్పాలి వీళ్లకు? స్వతంత్ర ఘటనలు అని బోర్డు మీద రాయనా? గూట్లో అష్టాచెమ్మా ఆడే చింతగింజలు కనపడ్డాయి. చీల్చిన గింజలు, ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు. రెండు తీసుకుని చాప మీద కూర్చున్నాను.

"ఇది దుర్గ. ఇది పోతయ్య. తెలుపు మంచి సగం, నలుపు చెడ్డ సగం. రెండూ నల్లగ పడితేనే జబ్బు. సరేనా?"

"అవ్," అన్నాడు బొజ్జయ్య ముందుకు వంగి.

వేశాను. రెండూ నలుపే పడ్డాయి. దుర్గ ఉలిక్కిపడి రాజేష్‌ను దగ్గరికి లాక్కుంది.

"ఇది రాజేష్‌గాడు అనుకోండ్రి. ఇప్పుడు మళ్ల ఏస్త. ఇందాక నల్లగ పడ్డమని ఈ గింజలకు యాదుంటదా? ఉండదు గద. మళ్ల నల్లగ పడొచ్చు. అదే నేను చెప్పేది. చూడుండ్రి."

వేశాను. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. మళ్లీ వేశాను. రెండూ తెలుపు. బొజ్జయ్య ముఖం వెలిగింది. "చూస్తివా బిడ్డా!" అన్నాడు.

"అది కాదు మామా, ఆగు..." మళ్లీ వేశాను. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. పోతయ్య చప్పట్లు కొట్టాడు. మళ్లీ వేశాను. నల్లగా పడండే, మీ దుంపతెగ, ఒక్కసారి నల్లగా పడండే అని లోపల మొక్కుతున్నాను. ఎవరి కోసం మొక్కుతున్నానో అప్పుడు తెలిసొచ్చింది. నా చెల్లెలి బిడ్డకు జబ్బు రావాలని మొక్కుతున్నట్టే ఉంది. గింజలు రెండూ తెల్లగా పడ్డాయి.

బొజ్జయ్య నా చేతి మీద చెయ్యి వేశాడు. "చాలు బిడ్డా. మంచిగ పడ్డంక ఇంక ఆపాలె." ఆ రెండు గింజలూ ఏరుకుని పంచె కొంగులో ముడేసుకున్నాడు.

లెక్క ప్రకారం అలా పడటంలో తప్పేమీ లేదు. ఎక్కువసార్లు మంచిగానే పడతాయి. వాళ్లకు నేను ఏం రుజువు చేయబోయి ఏం రుజువు చేశాను!

దుర్గ నాతో పాటు రోడ్డు దాకా నడిచొచ్చింది. ఆటో కోసం నిలబడ్డాం. అడగడానికి సిగ్గుపడకుండా అడిగాను. "నీ కాళ్లు మొక్కుతనే దుర్గా. హైదరాబాద్‌ల బిడ్డ కడుపుల ఉన్నప్పుడే జబ్బు చూసే పరీక్ష ఉన్నది. రెండు వారాలల్ల పోవాలె, తర్వాత చెయ్యరు. రేపే పోదాం. ఏం జెయ్యాలన్నది నీ ఇష్టం, నేను ఒక్క మాట అన. తెలిసి ఉంటె చాలు."

"అక్కా, నేను గూడ మీ కాలేజీలనే ఎంపీసీ పాసైన గద. లెక్కల్ల ఫస్ట్ క్లాస్. నువ్వు ఇయ్యాల చెప్పినది మాకు ఎవరూ చెప్పలే."

"ఎట్ల చెప్తరే? ఆ పాఠం చాయిస్‌ల వదిలేసి ఉంటరు."

"అవ్, వదిలేసినం," అంది. కాసేపు ఆలోచించింది. ఇంకొంచెం పట్టు పడితే వస్తుందనిపించి దాని చెయ్యి పట్టుకున్నాను. దుర్గ రెండో చేతిని కడుపు మీద పెట్టుకుంది. "అయినా గింజలు నాకు మంచిగనే పడ్డయి గదక్కా. నా కండ్లతోనే చూసిన. ఇంక భయపెట్టకు నన్ను."

ఆటో వచ్చింది. నేను ఏడుస్తూనే ఎక్కాను. ఆ తర్వాత రెండుసార్లు వెళ్లాను, తిట్టాను, బతిమాలాను. చివరికి పోతయ్య నా ఫోన్ ఎత్తడం మానేశాడు.

సంక్రాంతి సెలవుల తర్వాత ఆ కోపమంతా కాలేజీలో తీర్చుకున్నాను. ఎవరి అనుమతీ అడగకుండా సంచినిండా చింతగింజలు తీసుకెళ్లి క్లాసులో పోశాను. పిల్లలందరికీ పంచి, నా చెల్లెలి పేరు చెప్పకుండా ఈ లెక్కే చెప్పాను. సక్రి అనే పిల్ల లేచి, "మేడం, మూడుసార్లు మంచిగ పడితే నాలుగోపాలి చెడు పడాలె గద?" అంది. ఇంకో పిల్ల, చెడు ఒకసారి పడిపోయింది కాబట్టి ఇక రాదంది. గంట సేపు గింజలు వేయించి, పడినవన్నీ బోర్డు మీద రాయించాను. క్లాసంతా కలిసి వేస్తే గింజలు నన్ను మోసం చేయలేదు. రెండు నలుపులు పడ్డ వెంటనే మళ్లీ రెండూ నలుపే ఎన్నిసార్లు పడ్డాయో. రామ్‌చందర్ సార్ గుమ్మంలో కాసేపు నిలబడి వెళ్లిపోయారు.

జూన్‌లో దుర్గకు ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, నల్లగా, ముద్దొచ్చే పిల్ల. మంగ్లి అని పేరు పెట్టారు. "ఏం వదినె, నీ లెక్క తప్పిందా?" అని పోతయ్య ఎగతాళి చేశాడు. తప్పితే నా అంత సంతోషించేవాళ్లు ఉండరు. రక్తం ఒకసారి చూపిద్దామంటే, గుండ్రాయిలా ఉన్న పిల్లకు సూదులెందుకని అందరూ నా మీద పడ్డారు. ఆ పిల్ల నా వేలు పట్టుకుని నవ్వుతుంటే నాకే నమ్మబుద్ధయింది. లెక్క నా పక్షాన ఉన్నా, మనసు వాళ్ల పక్షానికి పోయింది.

డిసెంబరులో మంగ్లి చేతులూ పాదాలూ బూరెల్లా వాచాయి. ముట్టుకుంటే గుక్కపట్టి ఏడుస్తోందని పోతయ్యే ఫోన్ చేశాడు. వెక్కిళ్లలో మాటలు సరిగా వినపడలేదు. వినాల్సిన పని కూడా లేదు. రాజేష్‌కు కూడా ఆ వయసులో అలాగే మొదలైంది.

భద్రాచలంలో దవాఖానా వరండాలో రిపోర్టు నేనే తీసుకున్నాను. చదివి, లోపలికి వెళ్లి దుర్గకు చెప్పాను. పిల్లను గుండెకు అదుముకుని గోడ వైపు తిరిగింది. తిట్టినా బాగుండేది.

బయట బల్ల మీద బొజ్జయ్య కూర్చుని ఉన్నాడు. ఏడాది నుంచి ఆయనను అనాల్సిన మాటలన్నీ నాలో మూటకట్టి పెట్టుకున్నాను. దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండా, "ఒకటే ఇంటికి రెండుపాలి ముళ్ల వాటా ఎట్ల బెడ్తరు?"

కూడగట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పక్కన కూర్చున్నాను.

ఆయన పంచె కొంగు ముడి విప్పాడు. ఆ రెండు చింతగింజలు. అంచులు అరిగిపోయి నున్నగా ఉన్నాయి.

"ఆనాటి సంది ఏస్తనే ఉన్న. అడివిల, చేన్ల, ఏడ కూసున్నా ఏస్తనే ఉన్న. మంచియి పడ్తయి, పడ్తయి... ఒకనాడు రెండూ నల్లయి పడ్డయి. ఇంక పడయి అనుకోని ఎంటనే ఏసిన. మళ్ల నల్లయే పడ్డయి. అప్పుడు సమజయింది నాకు, నువ్వు చెప్పింది."

"ఎప్పుడు మామా?"

"ఇప్పపువ్వు ఏరేటప్పుడు. దుర్గకు ఏడో నెల. అప్పుడు చెప్పి ఏం లాభం? చెప్తే కోడలు ఆ మాత్రం నిద్ర గూడ పోదని నోరు మూసుకున్న."

ఆయన కళ్ల నుంచి నీళ్లు గింజల మీద పడ్డాయి. వేలితో తుడిచాడు. లోపల మంగ్లి మళ్లీ ఏడుపు అందుకుంది.

"ఈ ముచ్చట మీ కాలేజీల చెప్తరా బిడ్డా?"

మొన్న సోమవారమే రామ్‌చందర్ సార్ మళ్లీ మీటింగ్ పెట్టారు. మళ్లీ అవే పాఠాల పేర్లు చదివారు.

"పుస్తకంల ఉన్నది మామా. పరీక్షకు అక్కర్లేదని వదిలేస్తరు."

బొజ్జయ్య అరచేతిలోని గింజల వంక చూశాడు. తర్వాత నా ముఖంలోకి చూశాడు.

"దీన్నా," అన్నాడు, "దీన్నా వదిలేసేది?"