వందో మాట

చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతుంటే, అద్దం ముందు నిలబడ్డ మా ఆయన అడిగాడు. "వచ్చే నెల పత్రికకి, సహనం అంటే ఏం రాద్దాం?"

"మెచ్చుకునేవాళ్ళకి ఎప్పుడూ అవసరం పడని గుణం."

నవ్వి, ప్యాంటు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. మూడేళ్ళుగా మా ఇంట్లో ఇదే వరస. ఆయన ఒక మాట ఇస్తాడు, నేను చొక్కాతో పాటు దాని అర్థం చేతికిస్తాను. నెలనెలా వాళ్ళ ఆఫీసు పత్రికలో అవి ఆయన పేరుతో వస్తాయి. మర్యాద: పొమ్మనలేక టీ ఇవ్వడం. సాయం: మగవాడు తను తిన్న కంచం తనే తీస్తే ఇంటిల్లిపాదీ దానికి పెట్టే పేరు. ఈ రెండోదాన్ని ఆడపడుచు పైకి చదివి, గిన్నెలు తోముతున్న నా వైపు తిరిగి "వదినా, నీకు అర్థమవుతున్నాయా ఇవి?" అంది. "దానికెందుకమ్మా ఆ గొడవ. వాడికి వాళ్ళ నాన్న బుర్ర వచ్చింది" అంది అత్తగారు. మావగారు బతికున్నన్నాళ్ళూ ఆ బుర్ర గురించి ఆవిడ అన్న మాటలు వేరు. నేను గిన్నెలు బోర్లించాను. కోపం రాలేదని చెప్పను. కానీ నా మాటకి నలుగురు నవ్వితే చాలు, ఎవరి మాట అనుకుని నవ్వితేనేం అనుకునేదాన్ని.

ఇప్పుడు వాటిని పుస్తకంగా వేస్తున్నారు. మొత్తం వంద మాటలు. తప్పులు దిద్దడానికి ప్రెస్సు నుంచి ప్రూఫులు ఇంటికొచ్చాయి. "నీ కళ్ళు చురుకు" అని నిన్న నా ముందు పడేశాడు. కృతజ్ఞతల పేజీలో నేనున్నాను. 'వేళకు టి అందించిన నా భార్యకు.' టీకి దీర్ఘం లేదు. పెట్టాను.

చివరి పేజీలో 'రచయిత' అని ఉంది. ఎదురుగా ఖాళీ.

"వందోది మిగిలిపోయింది" అన్నాను.

"నాకు మీటింగుంది. నువ్వే ఏదో ఒకటి రాసి, కూరలకి వెళ్ళేటప్పుడు ప్రెస్సులో ఇచ్చెయ్" అన్నాడు చొక్కా తొడుక్కుంటూ.

"నా ఇష్టం వచ్చింది రాయనా?"

"ఎప్పుడూ నీ ఇష్టమేగా" అని వెళ్ళిపోయాడు.

ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపాను. ఎర్ర పెన్ను తీసి, 'రచయిత' ఎదురుగా నా పేరు రాశాను. తర్వాత అట్ట ప్రూఫు తీసి, దాని మీద రచయిత పేరులో తప్పు కూడా దిద్దాను.

ప్రెస్సాయన కళ్ళద్దాలు పైకి జరుపుకుని రెండుసార్లు చూశాడు. "సార్‌కి తెలుసామ్మా?"

"ఆయనే రాయమన్నారు" అన్నాను.