ఆఖరి ఎడమ మలుపు

కృపానందం ఆటోనగర్లో మెకానిక్కు. నలభై దాటాయి. వెంకటసుబ్బారావు చల్లపల్లిలో రైసుమిల్లు ఉన్నవాళ్ళ అబ్బాయి. పంతొమ్మిది వందల డెబ్బై రెండు నుంచి రెండేళ్ళపాటు, ఆదివారం చర్చి అవగానే కృపానందం అతని ఫియట్లో పక్కసీట్లో కూర్చుని, పామర్రు దాటాక కాలవ వెంట రోడ్డు మీద మలుపులు నేర్పాడు.

"బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు కొట్టెయ్యాలండి. తిప్పుతూ కొడితే మన మాట వినదు. బయటి అంచు నుంచి మొదలెట్టి, లోపలి అంచుకి ఆనించి, అప్పుడు యాక్సిలేటరు తొక్కండి."

"మరి ముందువాణ్ణి దాటాలంటే, మాస్టారూ?"

అప్పట్లో సుబ్బారావు అతన్ని మాస్టారనే పిలిచేవాడు.

"అతనికంటే ఒక్క క్షణం ఆలస్యంగా బ్రేకు కొట్టి లోపలివైపు దూరాలి. కాకపోతే అతను తిప్పే ముందే మన చక్రం అతని తలుపు దాకా వెళ్ళుండాలి. వెళ్ళలేదా, ఆ మలుపు అతనిది. మనమే తగ్గాలి."

డెబ్బై నాలుగు జనవరిలో, కార్ల పిచ్చి ఉన్న పదిమంది కలిసి గన్నవరం అవతల వాడకంలో లేని పాత రన్‌వే మీద పందెం పెట్టుకున్నారు. తారు డ్రమ్ములూ, వరిగడ్డి మోపులూ పేర్చి మలుపులు చేశారు. పది చుట్లు. కృపానందానికి సొంత కారెక్కడిది? తను రిపేర్లు చూసే డాక్టరు ఛాయాదేవి గారి హెరాల్డు కారు అడిగితే, ఆవిడ సరదాపడి ఇచ్చింది.

ఆఖరి చుట్టులో కృపానందమే ముందున్నాడు. చివరి ఎడమ మలుపు ముందు కుడి అంచుకి జరిగి, బ్రేకు కొట్టి, తిప్పడం మొదలుపెట్టాడు. అద్దంలో ఫియట్ ఇంకా రెండు కార్ల దూరాన ఉంది. ఈ మలుపు తనదే.

మరుక్షణం ఎడమపక్క టైర్లు కీచుమన్నాయి. చక్రాలు బిగుసుకుపోయిన ఫియట్ జారుతూ లోపలికి దూసుకొస్తోంది. తను ఇంకొంచెం తిప్పితే హెరాల్డు ముక్కు తిన్నగా సుబ్బారావు కూర్చున్న వైపు తలుపులోకి దిగుతుంది. కృపానందం ఆలోచించలేదు. స్టీరింగు కుడికి లాగేశాడు. హెరాల్డు డ్రమ్ముల్ని గుద్దుకుని, మట్టిలోకి దిగి ఆగిపోయింది. ఫియట్ ఊగుతూ తూగుతూ గీత దాటింది.

కప్పు అందుకుంటూ సుబ్బారావు గట్టిగా అన్నాడు: "మా కృపానందానికి కళ్ళజోడు కొనిపెట్టాలి. మలుపు కనపళ్ళేదు, పాపం!"

అందరూ నవ్వారు.

కృపానందం నుదుటి మీద రక్తం తుడుచుకుంటూ అతన్ని పక్కకి పిలిచాడు. "మీ చక్రం నా తలుపు దాకా రాలేదండి."

"రాలేదు."

"నేను తిప్పేసుంటే మీరు దక్కేవారు కాదు."

"నువ్వు తిప్పవుగా!" సుబ్బారావు సిగరెట్టు ముట్టించాడు. "రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకున్నాను. నీ సంగతి ఆమాత్రం తెలీదా?"



హెరాల్డుకి రేకు సరిచేసి, రంగు వేసి, మూడు వారాల తర్వాత గవర్నరుపేటలో ఛాయాదేవి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ అంతా విన్నది.

"నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసు, కృపానందం. అయినా ఇంకెవరితోనూ అనకు. వాళ్ళింటి కాన్పులన్నీ నా దగ్గరే." తాళాలు అందుకుంటూ మళ్ళీ అంది: "వచ్చే పందేనికి సుబ్బారావు మన హెరాల్డు అడిగాడు. మలుపుల్లో ఫియట్ కంటే బాగా తిరుగుతుందట. ఇస్తానన్నాను. నువ్వే దగ్గరుండి తయారుచెయ్యాలి."

"ఇంకో మెకానిక్కుని చూసుకోండమ్మా."

"అదేవిటి, కోపమా?"

కృపానందం బయటికొచ్చాడు. కాలవ వంతెన మీద నడుస్తుంటే ఆ మలుపు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది. ఈసారి స్టీరింగు కుడికి లాగలేదు, ఎడమకే తిప్పాడు. రేకు చీలిన చప్పుడు విన్నాడు. క్షమించు దేవా అనుకున్నాడు.

వంతెన దిగేలోగా మళ్ళీ అదే మలుపు. మళ్ళీ ఎడమకే తిప్పాడు. ఈసారి దేవుడు గుర్తురాలేదు.