తీపి మరిగిన ట్యాంకు

గిన్నె అడుగున అంటుకుపోయిన మాడుచెక్కని ఆమె గరిటె అంచుతో గీకి తన కంచంలో వేసుకుంది. ఆ గీకుడు చప్పుడుకి, తిని లేచి సోఫాలో కూర్చున్న భర్త తల తిప్పకుండానే నవ్వాడు.

"విన్నావా, మీ అమ్మ మొదలెట్టింది" అన్నాడు కూతురితో.

"దానికి మాడంటే ప్రాణం రా. మెత్తటిది పెట్టినా వద్దంటుంది" అంది అత్తగారు.

ఆమె కూడా నవ్వేసింది. అందరూ తిన్నాక వంటింటి గట్టు మీద కూర్చుని కరకరా నమలడం ఆమెకి ఎన్నేళ్లుగానో అలవాటు. నములుతూ ఫ్యాక్టరీలో తను చూసుకునే ట్యాంకు గురించి ఆలోచిస్తోంది. ఈపాటికి నీళ్లలోకి గాలి కొట్టే మర సరిగా తిరుగుతోందో లేదో, నురుగు ఏ రంగులో ఉందో.

"అన్నట్టు, మానేస్తున్నానని మీ మేడమ్‌కి చెప్పేశావా?" అన్నాడు భర్త.

"చెప్తానండీ. నెలాఖరు దాకా టైమిచ్చారు."

"టైమెందుకు? ఏదో సరదాకి వెళ్లావు, సరదా తీరింది. నీకు ఇంట్లో ఉండటమే ఇష్టం, నాకు తెలీదా?"

ఆమె ఉద్యోగం ప్లైవుడ్ ఫ్యాక్టరీ వెనకాల, మురికినీళ్లు శుభ్రం చేసే చోట. చెక్క పొరల్ని అతికించే జిగురులో ఫినాల్ అనే విషం ఉంటుంది. జిగురు డ్రమ్ములు కడిగిన నీళ్ల వాసన ముక్కుకి తగిలితే చాలు, కళ్లు మండుతాయి. ఆ నీళ్లు అలాగే వాగులో కలిస్తే చేపలు తెల్లగా తేలిపోతాయి. కలవకుండా చూసేది ఒక పెద్ద సిమెంటు ట్యాంకూ, అందులో గోధుమరంగు బురదలా సుడులు తిరిగే సూక్ష్మజీవులూ. అవి ఆ విషాన్ని తింటాయి. పనిలో చేరిన కొత్తలో కెమిస్టు మేడమ్ ఈ మాట చెబితే ఆమె నమ్మలేదు. "తిని, చావవా మేడమ్?" అని అడిగింది. "ఒక్కసారిగా పోస్తే చస్తాయి. మొదట్లో మూతెడు మూతెడు పోసి అలవాటు చేశాను. తట్టుకోలేనివి పోయాయి, తట్టుకున్నవి పెరిగాయి. ఇప్పుడు అదే వాటి భోజనం" అంది మేడమ్, అదేదో ఇంటి సంగతి చెప్పినంత మామూలుగా.

ఆ రోజు నుంచి ఆమెకి ఆ ట్యాంకు మీద ఒకటే ఆరా. ఇంట్లో ఎవరైనా ఏమైనా అడిగితే తప్ప నోరు తెరవని మనిషి, అక్కడ మాత్రం మేడమ్ ప్రాణం తోడేసేది. అవి నిద్రపోతాయా? విషం తింటే వాటికి కడుపు నిండుతుందా? మేడమ్ విసుక్కోకుండా మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. ఒక చుక్క బురదని గాజు పలక మీద వేసి కన్ను ఆనించగానే ఆమెకి ఒళ్లు ఝల్లుమంది. సన్నటి కాడల చివర గంటల్లాంటి ప్రాణులు ఊగుతున్నాయి. ఏదో తగిలినట్టు ఒక్కసారి కాడ స్ప్రింగులా ముడుచుకుంటుంది, మళ్లీ మెల్లగా, అనుమానంగా విప్పుకుంటుంది. విషం తినేవి ఇవి కాదు, ఆ పక్కన ముద్దలు ముద్దలుగా ఉన్న ఇంకా చిన్నవి. ఈ గంటలు ఊగుతున్నాయంటే ట్యాంకులో అంతా క్షేమమని లెక్క. రోజూ పొద్దున్నే వాటిని పలకరించడం ఆమె పని. పలకరించడమే, ఆమె నిజంగానే "ఏమర్రా, లేచారా?" అనేది. పంపు దగ్గర పనిచేసే ముసలాయన్ని అందరూ పంపు బాబాయ్ అంటారు. ఆయన కిటికీలోంచి తొంగిచూసి, "ఏం తల్లీ, నీ పిల్లలు బదులు పలికారా?" అని అడిగేవాడు.

ఇప్పుడు రెండో ట్యాంకు కడుతున్నారు. దాన్ని చూసుకోవడానికి ఆమెనే ఉండమంది మేడమ్. నెలాఖరు లోపు ఏ సంగతో చెప్పమంది.

ఈలోగా ఆమె చెయ్యకూడని పని ఒకటి చేసింది.

జిగురు సెక్షన్లో మిషన్లు బాగుచేయడానికి కొన్ని రోజులు పని ఆపారు. ఫినాల్ నీళ్లు రాకపోతే ట్యాంకులోవి ఆకలితో మాడిపోతాయని, రోజూ కాస్త మొలాసిస్ పొయ్యమని చెప్పి మేడమ్ మీటింగుకి వేరే ఊరు వెళ్లింది. మొలాసిస్ అంటే చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే నల్లటి పాకం. "నీళ్లు మళ్లీ రాగానే ఆపెయ్యి" అని కూడా చెప్పింది. ఆమె మగ్గుతో పోసింది. నురుగు తెల్లగా పొంగింది, గంటలు బారులు తీరి ఊగాయి. ఎంత ముచ్చటేసిందో! ఇంట్లో ఏది వండినా ఒకరికి ఉప్పెక్కువ, ఒకరికి కారం తక్కువ. ఇక్కడ పోసింది పోసినట్టు తిని ఆనందంగా ఊగుతుంటే, వండి పెట్టిన చెయ్యి మురిసిపోయింది. జిగురు సెక్షన్ మళ్లీ మొదలై, కాలవలో ఫినాల్ కంపు గుప్పుమన్న రోజున ఆమెకి మనసొప్పలేదు. పాపం, ఇన్నాళ్లు తీపి తిని ఒక్కసారిగా ఈ విషమా అనుకుని ఇంకో మగ్గు పోసింది. మర్నాడూ పోసింది. ఆ మర్నాడు అలవాటు కొద్దీ రెండు పోసింది.

మేడమ్ తిరిగొచ్చి, బయటికి పోయే నీళ్లు సీసాలో పట్టి, మందు చుక్కలు వేసింది. నీళ్లలో ఫినాల్ మిగిలితే మందు పడగానే ఎర్రబడతాయి. మామూలుగా లేతగా, ఉందా లేదా అన్నట్టుండే రంగు, ఆ రోజు చిక్కటి ఎరుపు తిరిగింది. మేడమ్ వెంటనే వెళ్లి వాగు వైపు వాల్వు మూసేసి వచ్చింది. ఇక తను మానెయ్యక్కర్లేదు, వాళ్లే పొమ్మంటారు. ఆశ్చర్యంగా, ఆ ఊహకి ఊపిరి తేలిక కాలేదు. ఏదో చేతిలోంచి లాక్కుంటున్నట్టు అరచేతులు బిగుసుకున్నాయి.

"నేను మొలాసిస్ ఆపలేదు మేడమ్" అంది. గొంతు తనకే వినపడలేదు. మళ్లీ అంది.

"ఆపలేదా? ఎందుకు?"

"జాలేసింది."

మేడమ్ కోప్పడాలని మొదలుపెట్టి, పక్కున నవ్వేసింది. "చుట్టాలొచ్చారనుకున్నావా? సరే, నీళ్లు ఇంకా బయటి తొట్టిలోనే ఉండగా వాల్వు మూశాం కాబట్టి వాగుకేం కాలేదు. కానీ ఇది నోటితో చెబితే ఎక్కదు. రెండు జాడీలు పట్రా."

రెండు జాడీల్లోనూ అదే ట్యాంకు బురద, అవే ఫినాల్ నీళ్లు. ఒకదాంట్లో మాత్రం మొలాసిస్ కలిపారు. రెండిట్లోకీ సన్నటి గొట్టాలతో గాలి వదిలారు. గుడగుడమని బుడగలు. ఆమె అన్నానికి కూడా లేవలేదు. పంపు బాబాయ్ వచ్చి, "ఏ జాడీ గెలుస్తుంది తల్లీ?" అంటే, "తీపి తిన్నవి బలంగా ఉంటాయి కదా బాబాయ్, అవే తింటాయి" అంది. ఆమెకి నిజంగా అలాగే అనిపించింది.

సాయంత్రం రెండిట్లోంచీ ఒక్కో సీసాలోకి నీళ్లు తీసి మందు వేశారు. తీపి లేని జాడీ నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. తీపి ఉన్న జాడీ నీళ్లు ఎర్రగా, పొద్దున ఎంత ఎరుపో అంత ఎరుపుగా ఉన్నాయి.

"అంటే ముట్టుకోలేదా?" అంది ఆమె.

"ఎందుకు ముట్టుకుంటాయి? పక్కన తీపి ఉందిగా. అది అయిపోయాకే ఆ వైపు చూస్తాయి. ఏం, వాటికి విషమంటే ఇష్టమనుకున్నావా?" మేడమ్ జాడీలు కడగడానికి లేస్తూ అంది. "ఇంకేమీ పెట్టలేదు కాబట్టి తింటున్నాయి. అంతే."

ఆమె ఎర్రబడ్డ సీసా వంకే చూస్తూ కూర్చుంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాటే. మాడు సంగతి ఎక్కడ మొదలైందో ఇన్నేళ్లలో మొదటిసారి వెతుక్కుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి గిన్నె మాడ్చింది. ఎవరూ చూడకముందే తినేద్దామని గబగబా నోట్లో కుక్కుకుంటుంటే అత్తగారు వంటింట్లోకి వచ్చారు. "ఏం అమ్మాయ్, మాడిష్టమా?" అన్నారు. సిగ్గుతో, నోరు నిండుగా ఉండి, తలూపింది. అంతే. ఆ ఒక్క తల ఊపుతో మాడు ఆమెదైపోయింది. ఆ తర్వాత ఇంకెన్ని! ఫ్యాను గాలి తగలని మూల ఆమెకిష్టం, చలువ పడదు కదా. అంచు విరిగిన కప్పు ఆమెకిష్టం, అలవాటు కదా. అందరూ ఊరెళ్తే ఇంటికి కాపలా ఉండటం ఆమెకిష్టం, ప్రయాణాలు పడవు కదా. ఇలా ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే, ఎవరూ గొంతెత్తకుండానే, మూతెడు మూతెడు పోసి అలవాటు చేశారు. చిత్రమేమిటంటే తను కూడా నమ్మింది. రుచి కోసం కాకపోతే ఆ కరకరలాడే నల్లముక్క ఎందుకు తింటున్నట్టు? ఆమెకి కోపం రాలేదు, వస్తుందేమోనని చూసుకుంది కానీ రాలేదు. వచ్చిందల్లా గాజు పలక మీద కొత్త చుక్క వేసినప్పుడు వచ్చే ఆత్రం. లోపల ఇంకేం ఉన్నాయో చూడాలని.

రాత్రి భోజనాలకి కూతురు వడ్డిస్తానని గరిటె పట్టుకుంది. అందరి కంచాల్లో వేసి, అడుగున గీకి, ఆ నల్లటి చెక్కని జాగ్రత్తగా, విరగకుండా పక్కన పెట్టింది.

"ఇది అమ్మకి. అమ్మకిష్టం" అంది ముద్దుగా.

"నాకు మాడిష్టం లేదమ్మా" అంది ఆమె. "ఎప్పుడూ లేదు."

భర్త చెయ్యి కంచం దాకా వెళ్లి ఆగింది. "అదేంటి, ఇన్నేళ్లూ తిన్నావుగా?"

"ఇంకేం మిగిలేది కాదుగా, తిన్నాను."

"నోట్లో నాలుక లేదా మరి?" అంది అత్తగారు. "ముందే చెప్పి ఉంటే మేం కాదన్నామా?"

"ఇప్పుడు చెబుతున్నా కదత్తయ్యా" అంది ఆమె. కుర్చీ లాక్కుని, ఎప్పుడూ లేనిది, వాళ్లతో పాటే బల్ల దగ్గర కూర్చుంది. ఫ్యాను గాలి సరిగ్గా నుదుటికి తగిలింది. పడకపోవడమేమీ లేదు. బాగుంది.

భర్త కూర కెలికాడు. "సరేలే. ఇంతకీ నెలాఖరుకి మీ మేడమ్‌కి..."

"ఉంటానని చెప్తున్నానండీ. రెండో ట్యాంకు కూడా నేనే చూస్తాను."

కూతురు గరిటె పట్టుకుని వాళ్లిద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఈ గొడవలో దానికి అర్థం కాని ముక్క ఒక్కటే మిగిలిపోయినట్టుంది. "మరైతే నీకేం ఇష్టం అమ్మా?"

ఆమె నోరు తెరిచింది. జవాబు రాలేదు. వెతికింది, ఎక్కడా దొరకలేదు. ఒక్క క్షణం భయమేసింది. ఆ వెంటనే, గాజు పలక మీద ముడుచుకున్న కాడ మెల్లగా విప్పుకున్నట్టు, లోపల ఏదో కదిలి నవ్వొచ్చింది. కూతురి చేతిలోంచి గరిటె తీసుకుని, బల్ల మీదున్న ప్రతి గిన్నెలోంచీ, పై పైన ఉన్నది, వేడిగా ఉన్నది, కొంచెం కొంచెం తన కంచంలో విడివిడిగా పెట్టుకుంది.

"ఆ ట్యాంకు ఇష్టమని మాత్రం తెలుసు" అంది. "మిగతావి ఆగు, రుచి చూసి చెప్తాను."